ఉల్టా మిషన్

మిషన్ కాలిపోయే సంగతి స్వరూపకు అందరికన్న ముందే తెల్సింది. ముక్కుకు వాసన రాకముందు, కండ్లకు పొగ కనబడకముందు చెవులకు తెల్సింది. కట్టె అంచులు చెక్కుకుంట రోజూ ఒక్క తీరుగ గుయ్యిమనే రౌటర్ మిషన్ గొంతు, దేవుని మందిరం చట్రం సగం దాక జరిగేసరికి జర బొంగురుపోయింది. టక్కున ఆమె కట్టెను పక్కకు తీసి, టేబుల్ కాలుకున్న ఎర్ర బటన్‌ను మోకాలితోని కొట్టింది. అయినా అయ్యేది అయితనే ఉన్నది. టేబుల్ కిందికెల్లి సన్నగ నీలం పొగ లేచి, ఆమె చీర మీద తొడుక్కున్న పాత చొక్కా గుండీల దాక వచ్చింది.

"అయిపాయె! ఇగ దీని పని ఖతం," అన్నది స్వరూప, కండ్లద్దాలు నొసటి మీదికి ఎక్కించుకుంట.

వైకుంఠం సేటు కార్ఖాన పురానాపూల్ దాటంగనే, మూసీ దిక్కు సందుల, రేకుల షెడ్డుల ఉంటది. ముందటి అర్రల సేటు కుర్చీ, దేవుని పటం, ఫోను. ఎన్క షెడ్డుల కట్టె పని. దేవుని మందిరాలు చేస్తరు, పెండ్లి పీటలు చేస్తరు, ఖురాన్ పెట్టుకొని చదివే రెహల్‌లు చేస్తరు, ఒకసారి చర్చికి పాటల పుస్తకాల స్టాండ్లు గూడ చేసి ఇచ్చిర్రు. దేవుడు ఎవరైనా కట్టె టేకే, అంచులు తీసే టేబుల్ గూడ ఒక్కటే. ఆ టేబుల్ నడుమ ఒక రంధ్రం ఉంటది. రౌటర్ మిషన్‌ను కిందికెల్లి తలకిందులు చేసి బిగిస్తే, దాని బిట్టు, అంటే కట్టెను కోసే మొన, ఆ రంధ్రంలకెల్లి బొటనవేలంత పైకి వస్తది. కట్టెను దాని పక్కపొంటి తోస్తే అంచుకు అలలు, మెట్లు, గుండ్రాలు పడుతయి. తోసే చేతులు స్వరూపవి. టేబుల్ మీది మనిషి పని మానేసిన నాడు, "రెండు దినాలు నిలబడమ్మా" అని, రేగ్‌మాల్ గరుకు కాయితంతోని కట్టె రుద్దే ఆమెను తెచ్చి నిలబెట్టిర్రు. ఆ రెండు దినాలు నడుస్తనే ఉన్నయి, ఆరేండ్ల సంది.

పొగ వాసనకు ఆగయ్య మేస్త్రి లేచి వచ్చిండు. కార్ఖానకు పెద్దదిక్కు ఆయన. ఉలి పట్టిండంటే నెమలి ఈక మీది పోగులు గూడ కట్టెల దించుతడు. అందుకే ఆయన మాటకు షెడ్డుల ఎదురు లేదు, ఎదురు ఉండొచ్చని ఆయన గూడ ఎన్నడూ అనుకోలె. టేబుల్ కిందికి వంగి, మిషన్ మీద చెయ్యి పెట్టి, చురుక్కుమంటే గుంజుకొని, ఆ చెయ్యితోని మీసం దువ్వుకున్నడు.

"ఆర్మేచర్ పోయింది, మోటార్ లోపలి చుట్టంత కాలింది," అని తీర్పు చెప్పిండు.

మధ్యాహ్నంకల్ల మోటార్లు చుట్టే ఆయన వచ్చి చూసి, "ఈ మోడల్ బంద్ అయి ఐదేండ్లాయె, సామాను దొరకది," అని చెప్పి, చాయ్ తాగి పోయిండు.

సేటుకు ఫికర్ పట్టుకున్నది. మలక్‌పేటల కొత్త అపార్ట్‌మెంట్ కట్టిన ఆయన, ఫ్లాటుకొక మందిరం లెక్కన ఇరవై నాలుగు మందిరాలు చెప్పిండు. వచ్చే వారం గృహప్రవేశాలు. తొమ్మిది మందిరాల అంచులే అయినయి.

"ఎట్ల మేస్త్రీ మరి?"

"ఎట్లేంది సేట్, కొత్తది తెద్దాం. పెద్దది తెద్దాం. ఇన్నొద్దులు ఈ బొమ్మ మిషన్‌తోని గుంజుకచ్చినం, ఇగ చాలు. ఏనుగసొంటిది తెస్తే పదేండ్లు చూసుకునే పని ఉండది."

స్వరూప చేతులకున్న పొట్టు దులుపుకుంట ముందటి అర్ర గడప దాక వచ్చింది. "సేట్, దుకాణానికి నేను గూడ వస్త. జర చూసి..."

"నువ్వెందుకమ్మా?" అన్నడు ఆగయ్య. ప్రేమతోనే అన్నడు, గందుకే ఆమెకు ఇంక మండింది. "ఉస్మాన్‌గంజ్‌ల గుంపు ఎట్లుంటదో ఎర్కలేదా? ట్రాలీలు, హమాలీలు, కాలు పెట్ట జాగుండది. నువ్వు జర నీడపట్టున కూసో. ఇంకో మాట సేట్. అంత పెద్ద మిషన్ వస్తే ఆడమనిషితోని ఆగది. మా ఎల్లేష్‌ను టేబుల్ మీద నిలబెడదాం. స్వరూప మల్ల రేగ్‌మాల్ పని చూసుకుంటది, ఆమెకు గూడ సుఖం."

ఎల్లేష్ ఆగయ్యకు మేనల్లుడు. ముప్పై ఏండ్ల మనిషి, భుజాలు తలుపులోలె ఉంటయి, కార్ఖానల చేరి రెండు నెలలాయె. టేబుల్ మీద నిలబడాలన్న కోరిక ఆయనకు ఎన్నడూ పుట్టలె. మామ మాట ఇని, పట్టుకున్న రంపాన్ని కింద పెట్టి, స్వరూప దిక్కు ఒకసారి చూసి తల గోక్కున్నడు.

స్వరూప సేటు మొఖం చూసింది, ఏమన్నా అంటడేమోనని. సేటు అప్పటికే ఫోనుల మలక్‌పేట ఆయనకు "ఒక్క రోజు, ఒక్క రోజే" అని నచ్చజెప్తున్నడు. ఇగ ఆమె మూలకు పోయి రేగ్‌మాల్ చింపుకొని కూసున్నది. రేగ్‌మాల్ తక్కువ పనని కాదు, ఆ పనిల చెయ్యి ఒక్కటి ఉంటే చాలు. టేబుల్ కాడ చెవి కావాలె, కన్ను కావాలె, ఎప్పుడు నెమ్మదియ్యాలె ఎప్పుడు తొయ్యాలె తెల్వాలె. ఆ తెలివంత ఇప్పుడు ఒక పెద్ద మిషన్ వస్తే పనికిరాకుంట పోతదా? ఆమె కోపంల ఒక మందిరం తలుపును ఎంత రుద్దిందంటే, చట్రంల పెట్టి చూస్తే అది వదులైంది.

*

మంగళవారం పన్నెండింటికి ఆటో వచ్చి ఆగింది. ఆగయ్య డబ్బాను ఒళ్ళ పెట్టుకొని కూసున్నడు, దవాఖానకెల్లి మనుమన్ని తెస్తున్నట్టు. ఆయన ఎన్క సేటు దిగిండు.

డబ్బా ఇప్పితే నిజంగనే ఏనుగు. రెండు దిక్కుల రెండు పిడులు, మెడకాయ లావు వైరు, దాని చివరకు పెద్ద ప్లగ్గు. ఫ్రీగా ఇచ్చిన ఒక బిట్టు గూడ సంచిల మెరుస్తున్నది. ఎల్లేష్ రెండు చేతులతోని లేపి, "అబ్బా! మస్తు బరువున్నది మామా," అన్నడు. ఆ మాటకు ఆగయ్య మీసాలు సగం ఇంచు పైకి లేచినయి.

"దుకాణపాయన ఏమన్నడో ఎర్కనా? 'ఆంఖ్ బంద్ కర్‌కే లే జావ్ ఉస్తాద్' అన్నడు. కండ్లు మూసుకొని తీసుకపొమ్మన్నడు!"

కండ్లు మూసుకొనే తెచ్చినట్టున్నరు అని స్వరూప మనసుల అనుకున్నది. ఆమె కండ్లు మిషన్ మీద తిరుగుతనే ఉన్నయి. పిడి లోపలి దిక్కు స్విచ్చు చూసింది. బిట్టును పట్టే నోరు చూసింది. ఆ నోరు జర సన్నగ కనబడ్డది.

"అన్నా, ఒక్కసారి మన బిట్టు పెట్టి చూద్దామా?"

"ముందుగాల పూజ కానీయమ్మా. కొత్త మిషన్‌కు బొట్టు పెట్టకుంట పని చెప్తమా ఎక్కడన్నా?"

కార్ఖాన రివాజు గదే. ఉలి కొన్నా, రంపం కొన్నా, సేటు కొత్త ఫోను కొన్నా గూడ ముందుగాల బొట్టు. ఆగయ్య కాళ్లు కడుక్కొని వచ్చిండు. పసుపు నీళ్లల్ల తడిపి మిషన్ ఒళ్లంత రాసిండు. కుంకుమ ఐదు జాగాల్ల పెట్టిండు, పిడులకు రెండు, నెత్తికి ఒకటి, గాలి పోయే జాలి మీద రెండు. జాలి సందులకెల్లి కుంకుమ లోపలికి రాలింది. బంతిపూల దండ చుట్టిర్రు. కొబ్బరికాయ ఒక్క దెబ్బకే పగిలింది, అందరూ "శుభం" అన్నరు, కొబ్బరి ముక్క, ఇంత చక్కెర పంచుకున్నరు. స్వరూప గూడ తిన్నది. కొబ్బరి మంచి తియ్యగున్నది, కోపంల గూడ ఒప్పుకోవాలె.

అప్పుడు ఆగయ్య బిట్ల పెట్టె తెరిచిండు. పెట్టెల ఇరవై మూడు బిట్లు, కార్ఖాన నగిషీలన్నీ అండ్లనే ఉన్నయి. అలల బిట్టు తీసి, దాని కాడను మిషన్ నోట్లె పెట్టిండు. పోలె. తిప్పి పెట్టిండు. పోలె. జర నూనె రాసి పెట్టిండు. ఇంకో బిట్టు తీసిండు, అదీ పోలె.

"గిదేంది?" అన్నడు.

"మిషన్ నోరు ఎంతిది అన్నా?" అన్నది స్వరూప.

"బారా ఎమ్మెమ్, పన్నెండు మిల్లీమీటర్లు. మన బిట్లు నాలుగు సూత్‌లు, అంటే అర ఇంచు. అర ఇంచంటే బారా ఎమ్మెమ్మే గదా?"

"ప్లైవుడ్‌కు బారా అన్నా. ప్లైవుడ్ దుకాణంల అర ఇంచు అడిగితే బారా ఎమ్మెమ్ ఇస్తరు, మనం తీసుకొని వస్తం. ఇనుముకు అట్ల నడవది. నిఖార్సయిన అర ఇంచంటే పన్నెండు దాటి ముప్పావు దాక పోతది."

ముప్పై ఏండ్ల సంది షెడ్డుల అందరూ బారా ఎమ్మెమ్ పలకను అర ఇంచు అనే పిలుస్తున్నరు, ఎవరికీ ఏ నష్టం రాలె. ముప్పావు మిల్లీమీటరు ప్లైవుడ్‌ల ఎవరికి కనబడతది? ఇరవై మూడు బిట్లకు కనబడ్డది.

ఆగయ్య మొఖం ఎర్రబడ్డది. "గంతేనా! ఇంత లొల్లేంది? సాన రాయి మీద బిట్ల కాడలు జర అరగదీస్తే పోలా?"

"వద్దన్నా!" స్వరూప గొంతు ఆమెకే కొత్తగ ఇనబడ్డది. "చేతితోని అరగదీసిన కాడ సక్కగ గుండ్రం ఉంటదా? నిమిషానికి ఇరవై వేల చుట్లు తిరుగుతది. వంకర కాడ ఊడిందంటే తుపాకీ గుండే. నా మొఖం ముందటనే తిరుగుతది గది... ఇప్పుడు ఎల్లేష్ మొఖం ముందట."

ఎల్లేష్ తన మొఖం తడుముకున్నడు. "మామా, రాయి వద్దు మామా," అన్నడు.

"సరే తియ్యి," అన్నడు ఆగయ్య. ఓడిపోయిండని కాదు, ఆయన దగ్గర ఇంకో ఉపాయం ఉన్నది. "ఫ్రీ బిట్టు ఉన్నది గదా, అది బారాదే. తిన్నగ గాడి తీసే బిట్టు. మందిరం ఎన్క పలక కూసునే గాడులు దీనితోని తీద్దాం. బిట్లు రేపు కొనుక్కుందాం."

*

మిషన్‌ను టేబుల్ కింద బిగించేసరికి నాలుగైంది. బిగించినంక గని ఇంకో సంగతి బయట పడలె. పిడిల ఉన్న స్విచ్చును వేలితోని నొక్కి పట్టుకుంటెనే మిషన్ తిరుగుతది, వదిలితే ఆగుతది. చేత పట్టుకొని నడిపే మనిషికి అది మంచి బందోబస్తు. టేబుల్ కింద ఉన్న మిషన్‌కు ఆ వేలు ఎవరిది?

మొదట ఎల్లేష్ వేలు అయింది. ఆయన టేబుల్ కింద గొంతు కూసొని స్విచ్చు నొక్కిండు, ఆగయ్య మీదికెల్లి పలక తోసిండు. మిషన్ షెడ్డు రేకులు అదిరేటట్టు లేచింది. పొట్టంత కిందికే పడ్డది. పలక బయటికి వచ్చేసరికి ఎల్లేష్ తల, కనుబొమ్మలు, మీసం అన్నీ టేకు రంగు. ఆయన తుమ్మిండు, తుమ్మంగనే వేలు వదిలింది, మిషన్ ఆగింది, పలకల గాడి కాలి నల్లగైంది. ముందటి అర్రలకెల్లి చూస్తున్న సేటుకు నవ్వాగలె. స్వరూప రేగ్‌మాల్‌తోని మూతి మూసుకున్నది, అది మూతికి గీరుకున్నది.

"నవ్వకుర్రి," అన్నడు ఆగయ్య. స్విచ్చును నొక్కి, బంతిపూల దండ దారం తెంపి, దాని మీద గుడ్డపేలిక కలిపి గట్టిగ కట్టిండు. పెద్ద ప్లగ్గు టేబుల్ కాలుకున్న ఎర్ర బటన్ పెట్టెల పట్టలేదని ముందే సీదా గోడకు పెట్టిండు. ఇప్పుడు మిషన్ గోడ స్విచ్చు వేస్తే తిరుగుతది, తీస్తే ఆగుతది. "చూసిర్రా? దిమాగ్ ఉండాలె."

నాలుగు పలకలు అయినయి. గాడి ఇంకింత లోతు కావాలంటే బిట్టును పైకి లేపాలె. మిషన్ సక్కగ నిలబడ్డప్పుడు దాని స్ప్రింగులు సాయం చేస్తయి. తలకిందులైతే ఆ స్ప్రింగులూ కిందికే తోస్తయి, బరువూ కిందికే గుంజుతది. ఎల్లేష్ మల్ల కిందికి పోయి, గోడ స్విచ్చు బంద్ చెయ్యమందామని తల బయట పెట్టేసరికి కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగినయి, మిషన్ ఆగింది.

"మంచిగైంది, ఇప్పుడే లేపు," అన్నడు ఆగయ్య.

ఎల్లేష్ భుజంతోని మిషన్‌ను పైకి ఎత్తి, ఎంత పైకి వచ్చిందో చూద్దామని ఒక చేతి వేళ్లు మీది రంధ్రంల పెట్టి బిట్టును తడుముతున్నడు.

స్వరూప కండ్లు ఆ వేళ్ల మీద పడ్డయి. ఆడికెల్లి వైరు వెంబడి గోడ దాక పోయినయి. గోడ స్విచ్చు వేసే ఉన్నది. దారం కట్టిన స్విచ్చు నొక్కే ఉన్నది. ఆమె చేతిల ఉన్న తలుపును ఎక్కడ పారేసిందో ఆమెకే తెల్వది, మూడు అంగల్ల గోడ కాడికి ఉరికి ప్లగ్గు పట్టుకొని పీకింది.

ప్లగ్గు ఆమె చేతిల ఉండంగనే కరెంటు వచ్చింది. నెత్తి మీద ఫ్యాన్లు కిర్రుమని తిరుగుడు మొదలుపెట్టినయి. ముందటి అర్రల లైటు వెలిగింది. ఎల్లేష్ వేళ్లు ఇంకా బిట్టు మీదనే ఉన్నయి.

ఎల్లేష్ వేళ్లు మెల్లగ తీసి, ఒక్కొక్కటి చూసుకొని, ఒళ్ళ పెట్టుకున్నడు.

"పోతుండె గదా!" అని అరిచింది స్వరూప. "వేళ్లు పోతుండె గదా అన్నా! దారం కట్టి నడుపుతరా ఎవరన్నా? పాత మిషన్ చిన్నదే, కరెంటు పోతే మోకాలితోని బటన్ కొట్టుకుంటుంటి. ఆరేండ్లల్ల ఒక్క గోరు పోయిందా చెప్పుర్రి? ఎన్నడన్నా అడిగిర్రా నన్ను, ఇది ఎట్ల నడుస్తదమ్మా అని? ఏనుగు తెచ్చిర్రు ఏనుగు!"

అని, ఆమెకు ఏడుపు వచ్చింది. ఏడుపు వచ్చినందుకు ఇంకా కోపం వచ్చింది. ప్లగ్గును అట్లనే పట్టుకొని నిలబడ్డది, ఎవరన్నా గుంజుకుంటరేమో అన్నట్టు.

ఆగయ్య పీట మీద కూలబడ్డడు. మీసం దువ్వుకోవాలని చెయ్యి లేపి, మల్ల మోకాలి మీదనే పెట్టుకున్నడు. సేటు లేచి షెడ్డులకు వచ్చిండు. కండ్లద్దాలు తీసి తుడుసుకున్నడు, మల్ల పెట్టుకున్నడు.

"రేపు పొద్దుగాల దుకాణానికి పోదాం," అన్నడు. "స్వరూపా, నువ్వు ముందట కూసో ఆటోల."

*

బుధవారం పొద్దుగాల స్వరూప రెండు వస్తువులు పట్టుకొని వచ్చింది. ఒకటి, కొంగుల ముడేసిన మూడు బిట్లు. రెండోది, టేబుల్ మీద మిషన్ బిగించే ఇనుప పలక రంధ్రాలన్నీ పెన్సిల్‌తోని దింపుకున్న పాత న్యూస్ పేపరు.

దుకాణం కిటకిటలాడుతున్నది. కౌంటర్ మీద నిన్నటి సేల్స్ ఆయన ఆగయ్యను చూసి, "ఆవ్ ఉస్తాద్! ఎట్ల నడుస్తున్నది మిషన్?" అన్నడు.

సేటు ఆ ఏనుగును కౌంటర్ మీద పెట్టిండు. నడవది, వాపస్ తీసుకొమ్మన్నడు. సేల్స్ ఆయన దాన్ని తిప్పి చూసిండు. పసుపు, కుంకుమ, పిడికి ఇరుక్కున్న బంతి రెక్క.

"అరే సేట్ సాబ్, దీనికి పూజ చేసిర్రు గదా! బొట్టు పెట్టిన మిషన్ ఎట్ల వాపస్ తీసుకుంట? జాలిల గూడ కుంకుమ పోయింది. ఎవరు కొంటరు దీన్ని?"

"బొట్టు తుడిస్తే పోతది గదా," అన్నడు సేటు.

"తుడుస్తరా?" అన్నడాయన నిజంగనే బెదిరి. "పూజ చేసిన బొట్టు తుడుస్తరా సేట్?"

ఆగయ్య మొఖం తిప్పుకొని గోడకున్న డ్రిల్ మిషన్ల దిక్కు చూస్తున్నడు. లైన్ల నిలబడ్డోళ్లు గూడ ఈ ముచ్చట ఇంటున్నరు.

"వాపస్ వద్దు సేట్," అన్నది స్వరూప. అందరూ ఆమె దిక్కు తిరిగిర్రు. "మిషన్ల తప్పు లేదు. అది సక్కగ నిలబడి నడిచే మిషన్, మనం తలకిందులు చేసినం. చేత పట్టుకొని నడిపితే తలుపుల కబ్జాలకు, గదే మడతబందులకు, తాళాలకు గూడు తీసుటానికి దానంత మంచిది లేదు. అన్న, ఎల్లేష్ ఉలితోని గంట కొట్టేది ఐదు నిమిషాలల్ల అయితది. ఉండనియ్యుర్రి. దానికి బారావి రెండు బిట్లు ఇప్పియ్యుర్రి, చాలు."

ఆగయ్య డ్రిల్ మిషన్ల మీదికెల్లి చూపు తీసి ఆమెను చూసిండు.

సేల్స్ ఆయనకు హుషారొచ్చింది. "అట్లైతే టేబుల్‌కు ఇంకోటి కావాలె మీకు. ఉస్తాద్, ఇది చూడు, ఇంపోర్టెడ్..." అని ఆగయ్య ముందట ఒకటి పెట్టిండు.

ఆగయ్య దాన్ని ముట్టలె. పక్కకు జరిగి, స్వరూపకు కౌంటర్ ముందట జాగ ఇచ్చిండు. "నన్నెందుకు అడుగుతవ్ భాయ్?" అన్నడు. "టేబుల్ మీద పని ఆమెది. ఆమెకు చూపెట్టు."

గొంతు మామూలుగనే ఉన్నది. గని ఆ మాట అనుటానికి ఆయనకు మంగళవారం సాయంత్రం సంది పొద్దు పట్టిందని స్వరూపకు అర్థమైంది. ఆమెకు గుండెల మీది బండ దిగినట్టైంది. ఎల్లేష్ సంగతి, రేగ్‌మాల్ సంగతి ఆ ఒక్క మాటతోని తేలిపోయినయి.

ఇగ మొదలైంది. స్వరూప కొంగు ముడి ఇప్పి బిట్టు తీసి, ముందటి మిషన్ నోట్లె పెట్టింది. పట్టింది. "మంచిది. ఇప్పుడు దీన్ని ఉల్టా పెట్టు భయ్యా."

"ఉల్టానా?"

"ఉల్టానే. దుకాణంల సక్కగ నిలబెడితే అన్నీ మంచిగనే కొడతయి. నా దగ్గర జిందగంత తలకిందులుగనే ఉంటది ఇది."

సేల్స్ ఆయన ఇటు అటు చూసి ఉల్టా పెట్టిండు. పట్టుకోకపోతే పడిపోతున్నది. స్వరూప కౌంటర్ పక్కన గొంతు కూసొని, కిందికెల్లి చెయ్యి పెట్టి స్విచ్చు ఎతికింది. అందలె. "వద్దు," అన్నది.

రెండోది తెచ్చిర్రు. స్విచ్చు అందింది, వదిలితే ఆగలె, మంచిది. గని దీన్ని లేపాలంటే నిన్నటి తీరే, కిందికెల్లి స్ప్రింగులతోని కుస్తీ. "వద్దు." మూడోదాని నోరు చిన్నది. నాలుగోదానికి అన్నీ సరిగ్గున్నయి, వేగం తగ్గించే చక్రం లేదు. "పిడికిలంత బిట్టు పెట్టి ఇదే వేగంల తిప్పితే కట్టె కాలుతది, నా చేతులు గూడ కాలుతయి. వద్దు."

లైన్ల ఉన్న ఒక ముసలాయన తన పని మర్చిపోయి, "బేటీ, గా పైన ఎర్రది చూడు," అని సలహా ఇచ్చిండు. ఇంకో ఆయన కౌంటర్ కిందికి వంగి తాను గూడ స్విచ్చు ఎతుకుతున్నడు. సేల్స్ ఆయనకు చెమటలు పట్టినయి.

లోపలికెల్లి రశ్మి వచ్చింది. దుకాణం ఓనరు కోడలు, లెక్కల అర్రల కూసొని ఇదంత ఇంటున్నది. "ఏం కావాలె అక్కా? ఒకసారి నాకు చెప్పు, అన్నీ చెప్పు."

స్వరూప చెప్పింది. అర ఇంచు, నిఖార్సయిన అర ఇంచు బిట్టు పట్టాలె. స్విచ్చు వేస్తే ఉండాలె. వేగం తగ్గాలె, పెరగాలె. స్ప్రింగులు వద్దు. బిట్టు మార్చుటానికి రోజుకు పదిసార్లు నేల మీద కూసుండలేను, మీదికెల్లే అందాలె.

రశ్మి ఒక నిమిషం ఆలోచించి, నిచ్చెన ఎక్కి, పైన అరలకెల్లి దుమ్ము పట్టిన డబ్బా ఒకటి దించింది. పిడులు లేవు, మెరుపు లేదు, ఏనుగుల సగం గూడ లేదు. "దీన్ని ఎవరూ అడగరక్కా, చూడ చిన్నగుంటదని," అన్నది. దాన్ని తానే ఉల్టా పెట్టింది. మిషన్ అడుగు పలకల ఒక సన్న రంధ్రం ఉన్నది. అండ్ల పొడుగు తాళంచెవసొంటిది పెట్టి అటు తిప్పితే మిషన్ మీదికి జరుగుతున్నది, ఇటు తిప్పితే దిగుతున్నది, వెంట్రుక వాసి గూడ ఎక్కువ తక్కువ లేకుంట.

స్వరూప తన బిట్టు పెట్టి చూసింది, పట్టింది; స్విచ్చు వేస్తే ఉన్నది, వేగం చక్రం గూడ ఉన్నది. ఆ తాళంచెవిని తాను తీసుకొని తిప్పింది. మీదికి. కిందికి. మల్ల మీదికి. న్యూస్ పేపరు పరిచి మిషన్‌ను దాని మీద పెట్టి చూసింది. మూడు రంధ్రాలల్ల రెండు కలిసినయి, మూడోది మనమే తొల్చుకుంటే అయిపోతది. ఆమె మొఖం మీదికి నవ్వొచ్చింది, ఆపుకుందామన్నా ఆగలె.

"సేట్, ఇదే," అన్నది.

సేటు ఆగయ్య దిక్కు చూసిండు, అలవాటు ప్రకారం. ఆగయ్య తన చూపును స్వరూప దిక్కు తిప్పిండు. సేటు గూడ అటే తిరిగి, "ఇదే అయితే ఇదే," అన్నడు.

"పూజ కంటె ముందు బిట్లన్నీ పెట్టి చూసుకోర్రి," అన్నది రశ్మి, బిల్లు రాసుకుంట. లైన్ల ఉన్నోళ్లందరూ నవ్విర్రు. ఆగయ్య గూడ నవ్విండు, మొదట జరంత, తర్వాత పూర్తిగ.

*

శుక్రవారంకల్ల ఇరవై నాలుగు మందిరాల అంచులు అయినయి. ఎల్లేష్ మూల కూసొని ఏనుగును చేత పట్టుకొని తలుపుల కబ్జాలకు గూళ్లు తీస్తున్నడు. రెండు చేతులు పిడుల మీద ఉంటయి కాబట్టి వేళ్లకు ఏ ఫికర్ లేదని అందరికీ చెప్పుకుంటున్నడు. గంటకొకసారి "అక్కా, గిది చూడు," అని తాను తీసిన గూడు తెచ్చి చూపెడుతున్నడు.

మధ్యాహ్నం మలక్‌పేట ఆయన ఫోను చేసిండు. అపార్ట్‌మెంట్ కింది హాలుల అందరికీ కలిపి ఒక పెద్ద మందిరం గూడ కావాల్నట. దాని చట్రాలు ఎనిమిది ఫీట్లు. అంత పొడుగు కట్టెను ఒక్క మనిషి టేబుల్ మీద తొయ్యలేడు. ఈ దిక్కుకెల్లి ఒకరు ఇస్తుంటె, ఆ దిక్కు నిలబడి ఇంకొకరు అందుకోవాలె. అందుకునే పని ఎప్పుడూ చేతికింది మనిషిదే.

స్వరూప మొదటి చట్రం ఎత్తి టేబుల్ మీద పెట్టి, ఎల్లేష్‌ను పిలుద్దామని తల తిప్పింది. ఆ దిక్కు ఆగయ్య నిలబడి ఉన్నడు. ఉలి కింద పెట్టి వచ్చిండు. చొక్కా చేతులు మలుచుకున్నడు.

"ఎల్లేష్ వస్తడు గదన్నా, నువ్వెందుకు?" అన్నది.

"వాని పని వాణ్ణి చేసుకోనీ," అన్నడు.

స్వరూప మిషన్ నడిపింది. కట్టె జరుగుతున్నది, పొట్టు సన్నగ లేస్తున్నది. చివర ఆ దిక్కు చేరంగనే ఆగయ్య రెండు చేతులతోని పట్టుకొని తన దిక్కు గుంజిండు. మిషన్ గొంతు మారింది. అంచు మీద గోరంత నల్ల మచ్చ పడ్డది. స్వరూప టక్కున మిషన్ ఆపింది.

ఎల్లేష్ గూడ ఏనుగును ఆపి చూస్తున్నడు. మామను తప్పు పట్టినోళ్లను ఆయన ఇంతవరకు చూడలె.

"గుంజొద్దన్నా," అన్నది స్వరూప, మెల్లగ. "బరువు మోయి, చాలు. తోసుడు నాది. నేను ఎంత ఇస్తె అంతే తీసుకో."

ఆగయ్య అంచు మీది మచ్చను బొటనవేలితోని రుద్ది చూసిండు. మీసం దువ్వుకోలె. "అయ్యో, నాదే తప్పు," అన్నడు.

రెండో చట్రం పెట్టింది. ఈసారి ఆయన చేతులు తక్కెడ లెక్క కట్టె కింద చాపి పట్టిండు. కట్టె వచ్చినంత దూరమే ఎన్కకు నడిచిండు, ఒక్కొక్క అడుగు, ఆమె చేతుల దిక్కు చూసుకుంట. మిషన్ ఒక్క తీరుగ గుయ్యిమంటనే ఉన్నది. ఎనిమిది ఫీట్లు అయిపోయినంక, ఆయన చట్రాన్ని వెలుతురుల పెట్టి ఈ చివర నుంచి ఆ చివర దాక చూసిండు. అలలు సక్కగ పోయినయి, ఎక్కడా మచ్చ లేదు. దాన్ని జాగ్రత్తగ గోడకు ఆనించి, మూడో చట్రం తానే ఎత్తుకొచ్చి ఆమె చేతికి ఇచ్చి, మల్ల పోయి ఆ దిక్కు నిలబడ్డడు.

"తయ్యారేనా అన్నా?" అన్నది స్వరూప.

"నువ్వు చెప్పమ్మా," అన్నడు ఆగయ్య మేస్త్రి, రెండు చేతులు చాపి. "నువ్వు ఎప్పుడంటె గప్పుడే."